గోడ మీద మోడిలియానీ

1917 డిసెంబరులో పారిస్‌లోని ఓ చిన్న గ్యాలరీలో అమెదియో మోడిలియానీ బొమ్మల ప్రదర్శన మొదలైంది. ఆ గ్యాలరీ నడిపేది బెర్త్ వేయ్ అనే ఆవిడ. ముప్ఫై మూడేళ్ల ఆ ఇటలీ చిత్రకారుడికి బతికుండగా దక్కిన సొంత ప్రదర్శన అదొక్కటే. జనాన్ని లోపలికి రప్పించడానికి వీధివైపు అద్దాల కిటికీలో నగ్నచిత్రాలు పెట్టారు. జనం గుమిగూడారు. ఖర్మకాలి వీధికి అవతల పోలీసు ఠాణా ఉంది. అక్కడి అధికారి ఇదేం గోల అని ఆరా తీసి, బొమ్మల్లో ఒంటిమీద రోమాలు కూడా కనిపిస్తున్నాయని మండిపడి, వాటిని దించేయమన్నాడు.

ఇంట్లో నగ్నచిత్రం ప్రింటు పెట్టుకోవాలనుకునేవాళ్లకు ఈ కథలో పనికొచ్చేది ఆ కిటికీ. అవే బొమ్మలు లోపలి గది గోడకు ఉంటే, వాటిని చూద్దామని వచ్చినవాళ్లే చూసేవాళ్లు. కిటికీలో పెట్టడంతో దారినపోయేవాళ్లంతా చూశారు. సాధారణంగా భార్యాభర్తలు ముందు బొమ్మ నచ్చించుకుంటారు, తర్వాత గోడ వెతుకుతారు, ఫ్రేము ఇంటికొచ్చాక అత్తగారు గుర్తొస్తారు. ఈ వరసను తిరగేస్తే సగం తలనొప్పి తగ్గుతుంది. ఏ గోడకు ఎదురుగా ఎవరు కూర్చుంటారు, ఎంతసేపు, ఏం చేస్తూ? ఇది తేలాకే బొమ్మ.

ఆ ప్రదర్శన జరిగిన తొంభై ఎనిమిదేళ్లకు, 2015 నవంబరులో, మోడిలియానీ శయన నగ్నచిత్రం ఒకటి న్యూయార్క్‌లోని క్రిస్టీస్ వేలంలో 17.04 కోట్ల డాలర్లకు అమ్ముడైంది. కొన్నది ఒకప్పుడు షాంఘైలో టాక్సీ నడిపి, తర్వాత షేర్లలో కోట్లు గడించిన లియు యిచియాన్. ఆ వార్త చెప్పిన కొన్ని అమెరికన్ బిజినెస్ ఛానెళ్లు బొమ్మలో రొమ్ముల దగ్గర, తొడల మధ్య మసక పూసి చూపించాయి. కోట్లు పోసి కొన్నవాడికి లేని మొహమాటం ఛానెళ్లకు వచ్చింది. మళ్లీ కిటికీ సమస్యే, కాకపోతే ఈసారి వీధి బదులు టీవీ.

దాచిపెట్టినా పని జరగదు. 1865లో పారిస్ సలోన్ ప్రదర్శనలో మానే గీసిన 'ఒలింపియా' మీద జనం ఎంత విరుచుకుపడ్డారంటే, చేతికర్రలు అందకుండా దాన్ని గుమ్మం పైన ఎత్తుగా వేలాడదీశారు. అంత ఎత్తున ఉన్న బొమ్మను చూడటమే కుదరలేదు, అల్లరి మాత్రం ఆగలేదు. కూర్బే గీసిన 'ప్రపంచ మూలం' కథ ఇంకా విచిత్రం. గీయించుకున్న ఒట్టోమన్ దౌత్యవేత్త ఖలీల్ బే దాన్ని ఆకుపచ్చ తెర వెనక ఉంచాడు. 1950ల్లో దాన్ని కొన్న మనోవిశ్లేషకుడు జాక్ లకాన్ పక్కకు జరిపే చెక్క పలక ఒకటి చేయించి, పైన వేరే బొమ్మ గీయించి, దాని వెనక దాచాడు. తెర వేసిన ప్రతి బొమ్మా వచ్చినవాళ్లను తెర తీయమని పిలుస్తుంది. పడకగది తలుపు వెనక, బీరువా సందులో చిన్న సైజులో పెట్టిన నగ్నచిత్రానిదీ అదే గతి. దొంగచాటు వ్యవహారంలా కనిపించేది అక్కడే.

దాచకుండా, చాటకుండా ఇంట్లో పెట్టుకోవడం ఎలాగో చూపించినవాళ్లు బాల్టిమోర్‌కు చెందిన కోన్ అక్కచెల్లెళ్లు. క్లారిబెల్ డాక్టరు చదివింది, ఎట్టా ఇల్లు చూసుకునేది. ఇద్దరూ పెళ్లి చేసుకోలేదు. అన్నలకు బట్టల మిల్లులుండేవి. ఆ ఆదాయంతో పారిస్ వెళ్లి మతీస్ బొమ్మలు కొనేవాళ్లు. మతీస్ 1907లో గీసిన 'నీలి నగ్న' మీద 1913లో షికాగోలో ఆర్ట్ విద్యార్థులు మండిపడి, దాని నకలును బహిరంగంగా తగలబెట్టారు. అదే బొమ్మను 1926లో, అరవై దాటిన వయసులో క్లారిబెల్ కొంది. పదేళ్ల తర్వాత ఎట్టా కూడా మతీస్ 'గులాబి నగ్న'ను కొంది. ఆ బొమ్మలు ఉన్నది అపార్ట్‌మెంట్ గోడల మీద, కుర్చీలు, బల్లలు, లేసులు, దూరదేశాల నేత బట్టల మధ్య. ఆ ఇళ్ల పాత ఫొటోలు చూస్తే సంపన్నుల హంగు తక్కువ, వాడకంలో ఉన్న గదుల ఇరుకే ఎక్కువ. బొమ్మలు ఆ సామాన్లలో కలిసిపోయాయి. ఎట్టా పోయాక ఆ సేకరణంతా బాల్టిమోర్ మ్యూజియానికి చేరింది.

ఇక మన ఇళ్ల సంగతి. హైదరాబాదులోనో విశాఖలోనో మూడు గదుల ఫ్లాటులో గుమ్మం తీయగానే కనిపించే గోడ వీధి కిటికీతో సమానం. కొరియర్ అబ్బాయి, వాచ్‌మన్, చందాల వాళ్లు, పక్క ఫ్లాటు పిల్లలు అందరూ చూసే గోడ అది. అక్కడ వద్దు. పూజగదికి ఆనుకున్న గోడ, దీపం పెట్టేవాళ్ల కంటికి ఎదురుగా ఉండే గోడ కూడా వద్దు. ఇక్కడ వాదం అనవసరం, పెద్దావిడ పూజను ఇబ్బందిపెట్టి సాధించే కళాభిరుచి ఏమీ లేదు. ఈమధ్య వచ్చిన ఇంకో కిటికీ ల్యాప్‌టాప్ కెమెరా. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు తమ వెనక గోడ మీద ఏముందో మేనేజరు చెప్పేదాకా గమనించరు.

మిగిలేవి పడకగది, చదువుకునే గది, బయటివాళ్లు అంతగా రాని భోజనాల బల్ల మూల. పడకగదిలో ఎక్కువమంది మంచం తలవైపు గోడకు కొట్టిస్తారు. చూడటానికి బాగుంటుంది, ఇంటీరియర్ ఫొటోల్లో ఇంకా బాగుంటుంది. కానీ మంచం మీద పడుకున్నవాళ్లకు అది కనిపించదు. ఇష్టపడి కొన్న బొమ్మ పొద్దున లేవగానే కనిపించాలంటే కాళ్లవైపు గోడే నయం. చదువుకునే గదిలో కుర్చీకి పక్కగా ఉంటే కన్ను అలిసినప్పుడు తల తిప్పి చూడొచ్చు.

ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ముందే చెప్పాలి. ఆర్డరు పెట్టేముందు బొమ్మ ఫోనులో చూపించి, ఏ గదిలో పెడతారో చెబితే చాలు. అడగకుండా పెట్టారన్న కోపమే తరచూ బొమ్మ మీదికి మళ్లుతుంది. పాలంపేట రామప్ప గుడి స్తంభాల పైన ఒయ్యారంగా నిలబడ్డ నల్లరాతి మదనికలను తలెత్తి చూసి, ఎంత నునుపో అని మెచ్చుకోని పెద్దావిడ ఉండదు. రాయిని చూసిన కన్ను కాగితాన్నీ చూడగలదు. అయినా గుడి బొమ్మను ముందుకు తెచ్చి వాదన గెలవాలని చూడటం తెలివైన పని కాదు. గుడి బయట ఉంటుంది, ఇది ఆవిడ నడిచే ఇల్లు. పిల్లలు అడిగితే, బొమ్మ గీయడం నేర్చుకునేవాళ్లు ముందు మనిషి ఒళ్లు గీయడం నేర్చుకుంటారని ఒక్క మాట చెప్పి ఊరుకోవాలి. పెద్దలు తడబడి టీవీ పెట్టేస్తేనే పిల్లలకు అనుమానం వస్తుంది.

ఏ బొమ్మ? ఆధునికుల శయన నగ్నచిత్రాలన్నీ ఒకే మోతాదులో ఉండవు. మోడిలియానీ 1916 నుంచి 1919 దాకా గీసిన వాటిలో చాలామంది స్త్రీలు నేరుగా మన కళ్లలోకి చూస్తారు. వీటికి గదీ, మోడళ్లూ, రంగులూ సమకూర్చి రోజుకూలీలా పదిహేను, ఇరవై ఫ్రాంకులు ఇచ్చినవాడు లియోపోల్డ్ జ్బొరోవ్‌స్కీ అనే వ్యాపారి. ఆ చూపు కొందరికి నచ్చుతుంది, కొందరికి గదిలో మూడో మనిషి ఉన్నట్టుంటుంది. అలాంటివాళ్లకు ఫిలడెల్ఫియాలోని బార్న్స్ సంస్థలో ఉన్న 1917 నాటి మోడిలియానీ చిత్రం సరిపోతుంది. అందులో స్త్రీ వీపు మనవైపు పెట్టి పడుకుంటుంది. అటూ ఇటూ తేలని ఇళ్లకు దీన్ని మించినది దొరకదు. ఇంకాస్త దూరం కావాలంటే మతీస్ 1935 నాటి 'గులాబి నగ్న'. వెనక నీలం గళ్లు, ముందు పొడవైన గులాబి చేతులు, ఒంట్లో మాంసం తక్కువ, గీత ఎక్కువ. దాన్ని గీస్తున్నప్పుడు మతీస్ దశలవారీగా ఇరవై పైచిలుకు ఫొటోలు తీయించాడు. మొదటి ఫొటోలో మామూలు మనిషిలా ఉన్నావిడ చివరికి గది జ్యామితిలో కలిసిపోతుంది. మన దేశం నుంచి కావాలంటే అమృతా షేర్‌గిల్ తన చెల్లెలు ఇందిరను మోడలుగా పెట్టి గీసిన 'నిద్ర' ఉంది, ఢిల్లీ నేషనల్ గ్యాలరీలో. ఆడమనిషిని ఆడమనిషి గీస్తే నిద్ర ఎంత నిద్రలా ఉంటుందో అందులో కనిపిస్తుంది.

తెలుగువాళ్ల గోడలకు లక్ష్మాగౌడ్ మరో దారి. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టి, బరోడాలో ప్రింటు తయారీ నేర్చుకుని, పల్లె ఆడామగా దేహాలను, మేకలను, చెట్లను ఒకే కోరికతో గీసిన మనిషి. ఆయన ఎచింగు ఒకటి కొంటే అది రాగి, జింకు లాంటి లోహపు పలక మీద గీసిన గీతలను ఆమ్లంతో కొరికించి అచ్చు తీసిన అసలు పని, కింద సంతకం, సంఖ్య ఉంటాయి. మోడిలియానీ 'ప్రింటు' అంటే మాత్రం తైలవర్ణ చిత్రానికి ఫొటో నకలు. రెండింటి ధరకూ పోలిక లేదు. నకలుకు 'లిమిటెడ్ ఎడిషన్' అని పేరు పెట్టి పదింతలు అడిగితే పక్కకు తప్పుకోవాలి. ఎప్పుడో పోయిన చిత్రకారుడు దాని మీద సంతకం పెట్టలేడు.

హక్కుల సంగతి కూడా తేలికే. మన చట్టంలో చిత్రకారుడు పోయిన తర్వాతి ఏడాది నుంచి అరవై ఏళ్లు కాపీరైటు ఉంటుంది. మోడిలియానీ 1920లో, షేర్‌గిల్ 1941లో, మతీస్ 1954లో పోయారు. ముగ్గురి బొమ్మలూ ఇక్కడ ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. పికాసో 1973 దాకా బతికాడు కాబట్టి 2033 చివరిదాకా ఆగాలి. వాషింగ్టన్‌లోని నేషనల్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్ తన దగ్గరున్న మోడిలియానీ 'నీలి దిండు మీద నగ్న' లాంటి పాత చిత్రాల ఫైళ్లను ఉచితంగా దింపుకోనిస్తుంది. ఊళ్లో మంచి ప్రింటింగ్ స్టూడియో ఉంటే దుకాణంలో దొరికే దానికంటే బాగా వేయించుకోవచ్చు. పొడవు వైపు 36 అంగుళాల ప్రింటుకు కనీసం 5,400 పిక్సెళ్లుండాలి. అంతకంటే చిన్న ఫైలుతో వేయిస్తే చర్మం మీద మచ్చల్లా చుక్కలు తేలతాయి.

అంచుల దగ్గరే ఎక్కువమంది మోసపోతారు. మోడిలియానీ బొమ్మల్లో చేతులు, కాళ్లు చట్రం అంచుకు వచ్చి తెగిపోతాయి. ఎక్కడ తెగాలో అతను చూసి పెట్టిన లెక్క అది, ఆ తెంపు వల్లే మనిషి గదిలోకి పొంగుకొచ్చినట్టు ఉంటుంది. 2015లో వేలమైన చిత్రం సుమారు 60 సెంటీమీటర్ల ఎత్తు, 92 వెడల్పు. బజారులో మామూలుగా దొరికే 24 × 36 అంగుళాల కొలతకు దాదాపు అసలు సైజు. అదృష్టమే. కానీ న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలోని 1919 నాటి శయన నగ్న 72.4 × 116.5 సెంటీమీటర్లు. దాన్ని కూడా 24 × 36 నిష్పత్తిలో ఇరికించాలంటే అసలు చిత్రం లెక్కన ఎనిమిది సెంటీమీటర్ల వెడల్పు కోసేయాలి. ఇప్పటికే తెగిన చేతిని మరోసారి తెంపడమన్నమాట. కాన్వాస్ ప్రింటు అయితే చెక్క చుట్టూ మడిచే అంగుళంన్నర కూడా బొమ్మలోంచే పోతుంది. మడతకు వేరే రంగు అంచు వేయమని ముందే చెప్పాలి. కాగితం ప్రింటుకు నాలుగువైపులా తెల్ల అంచు వదిలించాలి, లేకపోతే మౌంటు బోర్డు మరికొంత మింగుతుంది.

ఫ్రేము దుకాణంలో రెండు నిమిషాలు నిలబడి చూడటం మంచిది. పని తొందరలో కుర్రాడు ప్రింటును బోర్లా వేసి, వెనకంతా జిగురు పూసి హార్డ్‌బోర్డుకు అతికించేస్తాడు. ఒకటి రెండు వానాకాలాలకు అది ఉబ్బి, జిగురు మరకలు ముందుకు తేలతాయి. పై అంచున మాత్రం ఆమ్లం లేని టేపుతో రెండుచోట్ల వేలాడదీయించాలి, మిగతా కాగితం గాలికి సాగనీ, ముడుచుకోనీ. మౌంటు బోర్డు మూడంగుళాల వెడల్పున, పాలమీగడ రంగులో, ఏటవాలు కోతతో. ఆ బోర్డు మందం వల్లే అద్దానికీ ప్రింటుకూ మధ్య ఎడం ఉంటుంది, అద్దం నేరుగా తగిలితే కోస్తా తేమకు రంగు దానికి అంటుకుపోతుంది. వెనక చెక్క పలకకూ ప్రింటుకూ మధ్య మరో బోర్డు వేయించాలి.

ఇలా తయారైన 24 × 36 ప్రింటు, మౌంటుతో కలిపి 30 × 42 అంగుళాలకు చేరుతుంది. మూడు మిల్లీమీటర్ల అద్దం ఒక్కటే ఆరు కిలోలు. అదే మందం అక్రిలిక్ షీటు మూడు కిలోలు కూడా ఉండదు, పగిలి మంచం మీద పడే భయమూ లేదు. గీతలు పడతాయన్నది నిజమే, పొడి పాత గుడ్డతో రుద్దకపోతే సరి.

కొత్త అపార్ట్‌మెంట్లలో చాలా లోపలి గోడలు ఇటుకలవి కావు, తేలికపాటి సిమెంటు బ్లాకులవి. మామూలు ప్లగ్గు వాటిలో వదులైపోతుంది, ఆ బ్లాకులకని అమ్మే పొడవాటి ప్లగ్గులు తెప్పించాలి. స్విచ్‌బోర్డుకు నిలువుగా పైన ఎప్పుడూ డ్రిల్ చేయొద్దు, వైరు అక్కడినుంచే వెళ్తుంది. ఒకే మేకుకు తీగ కట్టి వేలాడదీస్తే అడ్డంగా పొడవుగా ఉండే ఈ బొమ్మ ఫ్యాను గాలికి, తలుపు దెబ్బకు వారానికోసారి ఒరుగుతుంది. రెండు మేకులు, మధ్యలో రసమట్టం. పడుకున్న మనిషి బొమ్మ కాస్త వంగినా జారిపోతున్నట్టు ఉంటుంది.

ఎత్తు విషయంలో మన ఇళ్లకు పాత అలవాటు ఒకటి ఉంది. 1894లో రవివర్మ ముద్రణాలయం మొదలయ్యాక ఇంటింటికీ వచ్చిన లక్ష్మీ సరస్వతుల పటాలు, తర్వాతి క్యాలెండర్లు అన్నీ ద్వారబంధం ఎత్తున, తలెత్తి దణ్ణం పెట్టుకునేలా ముందుకు వంచి కట్టేవాళ్లు. మేస్త్రీ చేయి ఇప్పటికీ అక్కడికే పోతుంది. దేవుడి పటానికి ఆ ఎత్తు సబబే. శయన చిత్రానికి మాత్రం మధ్యభాగం నేల నుంచి 57, 58 అంగుళాల దగ్గర ఉండాలి, చాలా మ్యూజియాలు పాటించే కొలత అది. కూర్చునో పడుకునో చూసే గదిలో ఇంకో మూడు అంగుళాలు దించినా తప్పులేదు. సోఫా పైన అయితే వీపు అంచుకూ ఫ్రేముకూ మధ్య ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు చాలు. సోఫా పొడవులో మూడింట రెండు వంతులైనా బొమ్మ ఉండాలి. ఏడడుగుల సోఫా పైన 42 అంగుళాల ఫ్రేము పోస్టు స్టాంపులా కనిపిస్తుంది. అదే ఐదడుగుల దివాను మీదో, పుస్తకాల అర మీదో అచ్చం అమరుతుంది.

రంగుల దగ్గర ఎక్కువ ఆలోచించనక్కర్లేదు. మోడిలియానీ చర్మం ఇటుక ఎరుపు, పసుపు మట్టి రంగుల కలయిక. స్వచ్ఛమైన తెల్ల గోడ మీద అది ఉడికిపోయినట్టు ఉంటుంది, మీగడ తెలుపు, బూడిద కలిసిన ఆకుపచ్చ బాగా పడతాయి. దిండు గలీబులను ఒంటి రంగుకు జోడు కట్టడం చౌకబారుగా ఉంటుంది. బొమ్మలో వెనక ఉన్న ముదురు ఎరుపునో నీలాన్నో తీసుకుని, మంగళగిరి నేతలో ఒక సాదా గలీబు వేస్తే చాలు. పోచంపల్లి ఇక్కత్ దుప్పటి ఎంత అందమైనదైనా ఈ బొమ్మ కింద పరిస్తే రెండూ పోట్లాడుకుంటాయి. తెల్లటి ట్యూబులైటు కింద ఆ చర్మం నీలుక్కుపోతుంది. 3000 కెల్విన్ ఎల్.ఇ.డి., రంగులు నిజంగా చూపే సూచిక 90 పైన ఉన్నది, పైనుంచి ఏటవాలుగా పడాలి. పడమటి కిటికీ ఎండ తగిలే గోడ అయితే మాత్రం ఏ సిరా నిలవదు.

విదేశంలో ఉన్న కొడుకో కూతురో అక్కడి వేలంలో కొని పంపిస్తామంటే ఒక సంగతి తెలిసి ఉండాలి. బ్రిటన్ వేలాల్లో కొన్న ఎఫ్.ఎన్. సూజా, అక్బర్ పదమ్‌సీల నగ్న కళాకృతులు ఏడింటిని ముంబై కస్టమ్స్ అశ్లీలమని 2023లో పట్టుకుంది. నగ్నత్వమంతా అశ్లీలం కాదంటూ బొంబాయి హైకోర్టు 2024 అక్టోబరులో ఆ ఉత్తర్వు కొట్టేసి, వాటిని వదిలేయమంది. సుప్రీంకోర్టు 2014లోనే అవీక్ సర్కార్ కేసులో దాదాపు ఇదే చెప్పింది. న్యాయం దొరికింది గానీ బొమ్మలు నెలల తరబడి గోదాములో ఉన్నాయి. అసలు కళాకృతి కాక మామూలు ప్రింటే కావాలంటే ఫైలు తెప్పించుకుని ఇక్కడే వేయించడం సుఖం.

మేకులు కొట్టేముందు ఫ్రేమును ఆ గోడకు ఆనించి, బల్ల మీదో మంచం వారనో పది రోజులు ఉంచితే మంచిది. పొద్దున వెలుగులో ఎలా ఉంది, దీపం కింద ఎలా ఉంది, పనమ్మాయి ఊడ్చేటప్పుడు దాన్ని తప్పించుకుని వెళ్తోందా, చుట్టాలొస్తే ఎవరైనా దాన్ని గోడవైపు తిప్పేస్తున్నారా అన్నది ఈలోగా తెలుస్తుంది. తిప్పేస్తుంటే గది మార్చాలి. గోడకెక్కాక ఏడాదికోసారి, వానాకాలం వెళ్లగానే, దించి వెనక చూసుకోవాలి. బ్రౌన్ టేపు ఊడితే మళ్లీ వేయించాలి, కింది మూలల్లో రబ్బరు బొడిపెలు లేకపోతే పెట్టించాలి, గాలి ఆడుతుంది. కాగితం తినే వెండి పురుగులు చేరేది ఆ వెనకే.